ఎండ తగిలిన పాలు

నా కూతుర్ని చంక దించనని మా వీధిలో అందరూ నవ్వుతారు. నీళ్లబిందె ఒక చంకన, పిల్ల ఒక చంకన. "ఏమ్మా కరీమున్, నీ పిల్లనేమన్నా కాకెత్తుకుపోయిద్దా?" అని పంపు దగ్గర ఎగతాళి చేస్తారు. కాకులేం ఎత్తుకుపోవు. అయినవాళ్లే ఎత్తుకుపోతారు, అదీ మనం ఏ ఊళ్లోనో మెళ్లో దండలు వేయించుకుంటున్నప్పుడు.

మా పెద్దవాడు రహమాన్ అప్పటికి తొమ్మిది నెలలవాడు. తొంభై ఎనిమిదో సంవత్సరం, ఎండలు ముదురుతున్నాయి. ఆ ఏడు పత్తిని పురుగు తినేసింది. చుట్టుపక్కల ఊళ్లలో రైతులు ఆ పురుగు కోసం కొన్న మందే తాగి చనిపోతున్నారు. పేపర్లో రోజూ ఎవరో ఒకరి ఫోటో. ఆ ఫోటోలు చూసీ చూసీ మా ఆయన జాన్ బాషాకి సైకిల్ యాత్ర ఆలోచన వచ్చింది. రైతుల కోసం వచ్చిందో, ఫోటో కోసం వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

ఆయన చిలకలూరిపేట దగ్గర ఒక నూలుమిల్లులో పనిచేసేవాడు. అది మూతపడింది. పెళ్లికి ముందు ఊరూరా తిరిగి, సైకిల్ దిగకుండా రోజుల తరబడి తొక్కే ప్రదర్శనలు ఇచ్చేవాడట. సైకిల్ మీదే స్నానం, సైకిల్ మీదే అన్నం. మైకులో తన పేరు విన్న రుచి ఆయన చెవుల్లో ఇంకా మిగిలే ఉంది.

"ఒక్కణ్ణే తొక్కితే ఎవడు చూస్తాడే? మొగుడూ పెళ్లాం ఇద్దరూ తొక్కితే పేపరోళ్లు పరిగెత్తుకుంటా వస్తారు," అన్నాడు.

"పిల్లాడు పాలు తాగుతున్నాడండీ."

"ఎంత, వారం. దర్శి దాకా పోయి వచ్చేద్దాం. అక్క లేదా ఏంది?"

అక్క అంటే మా ఆడబిడ్డ ఫర్హానా. నల్లపాడులో మా ఇంటి గోడా వాళ్ల ఇంటి గోడా ఒకటే. భర్త పీరుకి స్టేషను దగ్గర సైకిల్ షాపు ఉంది. పెళ్లయిన చాలా ఏళ్లకి ఆమె కడుపు పండింది. రంజాను పండగ వెళ్లిన వారంలో కాన్పయింది, బిడ్డ దక్కలేదు. పాలు మాత్రం ఆగలేదు. వెల్లకిలా పడుకుని పైకప్పుకేసి చూస్తూ ఉండేది. ఆమె పైట తడవడం చూసి నేనే తట్టుకోలేక పొడిగుడ్డ తెచ్చి ఇచ్చేదాన్ని.

"వాణ్ణి నాకొదిలి వెళ్లు కరీమున్," అంది ఫర్హానా. "అల్లా నా ఒళ్లో బిడ్డనుంచలేదు గానీ పాలుంచాడు. నేలపాలయ్యేవి నీ కొడుకు నోట్లో పడితే నాకూ తేలిక."

మా అత్త కూడా తలూపింది. "పాలు తాపిన బిడ్డ కన్నబిడ్డతో సమానం. వాడికేం లోటు చేసిద్ది?"

నాకు వద్దనే ఉంది. అంతలో పీరు అన్నయ్య రెండు కొత్త సైకిళ్లు నడిపించుకొచ్చి మా వాకిట్లో నిలబెట్టాడు. ఒకటి లేడీస్ సైకిలు, ముందు బుట్ట కూడా ఉంది. నేను ఎనిమిదో తరగతి దాకా సైకిల్ మీదే పొరుగూరి హైస్కూలుకి వెళ్లాను. పెద్దమనిషినయ్యాక బడినీ సైకిల్నీ ఒకేరోజు మానిపించారు. ఆ తరవాత సైకిల్ ముట్టుకోవడం అదే మొదలు. బెల్లు ఒకసారి నొక్కి చూశాను. అందరూ నవ్వారు. నేను ఒప్పుకున్నట్టే అయిపోయింది.

"వాడు నిద్రలో ఉండగా బయల్దేరండి. లేచి చూశాడంటే నిన్నొదలడు," అంది ఫర్హానా. సరేనని, నిద్రపోతున్నవాడి పాదాలు తాకి బయటికొచ్చాను.

మా ఆయన సైకిల్ ముందు రేకు బోర్డు కట్టారు: "ఆత్మహత్యలు వద్దు – బతికి సాధిద్దాం. దంపతుల సైకిల్ యాత్ర". వెనక బరకం, కిరసనాయిలు స్టవ్వు, బొంత. నా సైకిల్ మీద బియ్యం, గిన్నెలు. హైవే ఎక్కాక లారీలు పక్కనుంచి పోతుంటే చీర కుచ్చిళ్లు ఎగిరి గొలుసులో పడతాయేమోనని భయం, ఆ భయంలోనే ఒక సంతోషం. గాలి మొహానికి కొడుతోంది. నేను మా ఆయన్ని దాటిపోయాను కూడా. "ఏయ్, ఆగవే! బోర్డు నా సైకిలుకుంది!" అని వెనకనుంచి అరిచాడు. చాలా కాలం తరవాత గట్టిగా నవ్వాను.

పొద్దెక్కేసరికి పాలు చేపాయి. చిలకలూరిపేటలో పత్తి మిల్లుల పక్కగా వెళ్తుంటే గాలిలో ఎగిరే దూది నూగు వచ్చి నా తడిసిన రవికకి అంటుకుపోయింది. దులిపితే పోదు. పైట కప్పుకుని తొక్కాను. సాయంత్రానికి రొమ్ములు రాళ్లయ్యాయి.

ఊరి బయట, పీకేసిన పత్తికట్టె వాముల పక్కన దిగాం. సైకిళ్లు రెండూ ఎదురెదురుగా నిలబెట్టి, మీద బరకం కట్టి గుడారం చేశాడు. నేను స్టవ్వు వెలిగించేలోపు బజారుకి పోయి మల్లెపూలు తెచ్చాడు. పెళ్లయ్యాక ఆయన నాకు పూలు తేవడం అదే మొదలు.

"తల్లోకి కాదే. రొమ్ములకి కట్టుకో. సలుపు తగ్గిద్దంట, అక్క చెప్పింది."

కట్టుకున్నాను. చల్లగా హాయిగా ఉంది. పక్కన పడుకుని ఆ వాసన పీలుస్తూ, ఈయన మనసులో నేనున్నాను అనుకున్నాను. ఆ తరవాత ఏ ఊళ్లో దిగినా మల్లెపూలు తేవడం ఆయన మరిచిపోలేదు. మందు పూటపూటకీ వేసినట్టు తెచ్చాడు.

ఊళ్లలో రచ్చబండ దగ్గరో బడి ముందో సైకిళ్లు ఆపి ఆయన మాట్లాడేవాడు. నేను పక్కన చేతులు కట్టుకుని నిలబడాలి. "అన్నలారా, పురుగుమందు తాగబాకండి, మీ పెళ్లాంబిడ్డల మొహం చూడండి" అనేవాడు. ఒకచోట ఓ ముసలి రైతు బీడీ పారేసి, "ఒరేయ్ అబ్బాయ్, ఆ మందుకి పురుగే చావలేదు, మేమేం చస్తాంలే గానీ, పెళ్లాంబిడ్డలంటన్నావే, నీ బిడ్డలేరీ?" అన్నాడు. అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వి, మాట దాటేశాడు. నాకు మాత్రం బిడ్డ అన్న మాట వినగానే మళ్లీ రవిక తడిసింది.

సాయంత్రాలు ఎస్టీడీ బూతు నుంచి మా ఎదురింటి ఫోనుకి చేసేవాడు. అద్దాల గదిలోకి తనొక్కడే వెళ్లి తలుపేసుకునేవాడు. నేను బయట అద్దానికి మొహం ఆనించి ఆయన పెదాలు చూసేదాన్ని.

"ఎట్టా ఉన్నాడంట?"

"బ్రహ్మాండం. బుగ్గలొచ్చాయంట."

"ఒక్కసారి నాకివ్వండి. వాడి ఏడుపైనా వింటాను."

"నిద్రపోతన్నాడంటే. రేపు మాట్లాడుదువులే."

ఎప్పుడు చేసినా నిద్రే. ఏ తల్లి బిడ్డ అంత నిద్రపోతాడు?

అద్దంకి దాటాక ఒక మిరప కల్లంలో దిగాం. నేలంతా ఎర్రగా పరుచుకుని ఉంది. ఘాటుకి కళ్లూ ముక్కూ కారుతున్నాయి. ఆడకూలీలు వరసగా కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. వాళ్లలో ఆదెమ్మ అనే ఆమె బిడ్డని వేపకొమ్మకి కట్టిన చీర ఉయ్యాల్లో వేసింది. బిడ్డ ఏడవగానే లేచి, చేతులు పేడనీళ్లలో, ఆపైన మంచినీళ్లలో, మళ్లీ మజ్జిగలో కడుక్కుని, వాసన చూసుకుని గానీ ముట్టుకోలేదు. మిరప చేయి బిడ్డ నోటికి తగిలితే ఇంకేమన్నా ఉందా. నేను చూస్తూ నిలబడిపోయాను. నా పైట ముందంతా తడిసిపోయింది.

ఆదెమ్మ నన్ను పైకీ కిందకీ చూసింది. "ఏమ్మాయ్, ఎన్నో నెల నీ బిడ్డకి?"

"తొమ్మిది."

"ఏడీ?"

"ఇంట్లో. మా ఆడబిడ్డ దగ్గర."

"పాలిట్టా కారిపోతంటే వదిలేసి ఊరేగుతున్నావా? ఆ పూలేంది రవికలో?"

"సలుపు తగ్గుతుందని ఆయనే తెస్తున్నారు."

ఆదెమ్మ చేతిలో బిడ్డ నోట్లోంచి రొమ్ము జారిపోయింది. "ఓసి పిచ్చిదానా! మల్లెపూలు కడితే సలుపు కాదే తగ్గేది, పాలే ఇగిరిపోతాయి. బిడ్డ చచ్చిపోయిన తల్లికి కడతారు ఆ పూలు. బతికున్నోడి తల్లికి ఎవురన్నా కడతారా? తియ్యి ముందు!"

అక్కడే, చాటున కూడా కాకుండా, తీసి పారేశాను. ఎర్రటి కాయల మధ్య తెల్లగా పడ్డాయి. వాటినీ తాలుతో పాటు ఏరి అవతల పడేసిందామె.

ఫర్హానాకి కట్టలేదు ఆ పూలు. బిడ్డ పోయిన ఆమెకి కట్టకుండా పాలు నిలిపారు, బిడ్డ ఉన్న నాకు కట్టారు. ఆ ముక్క నాకు తట్టగానే వెళ్లి మా ఆయన్ని అడిగాను.

"ఎవరో కూలిమనిషి ఏదో కూస్తే పట్టుకొచ్చావా?" అన్నాడు మా ఆయన. "అక్కకేం తెలుసు పాపం, మంచికే చెప్పింది. అయినా ఇంత ఎండన పడి తిరుగుతున్నావు, నీ పాలు వేడిచేసి ఉంటాయి. ఇప్పుడు ఎగేసుకుపోయి తాపావంటే వాడికి విరోచనాలే. నీకు తెలవదా?"

తెలుసు. ఎండలో తిరిగొచ్చిన తల్లి పాలు పిండి పారబోసి, నీళ్లు పోసుకుని, చల్లబడ్డాకే బిడ్డకివ్వాలి. నా తమ్ముడు పొత్తిళ్లలో పోయింది వేడిపాలు తాగే అని మా అమ్మ చెప్పుకుని ఏడ్చేది. ఆ రాత్రికి అక్కడే బొంత పరిచాను.

"రేపు దర్శిలో సన్మానం. అదవగానే వెనక్కి తిరుగుదాం. నీ మీద ఒట్టు," అన్నాడు.

దర్శిలో బడి ఆవరణలో షామియానా వేశారు. కుర్చీలు, మైకు, టేబుల్ మీద నీళ్ల గ్లాసులు. మమ్మల్ని పక్కపక్కన కూర్చోబెట్టి బంతిపూల దండలు వేశారు. తెల్లచొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి చేతిలో కాయితం చూస్తూ మొదలుపెట్టాడు.

"ఈ ఆదర్శ దంపతులకు భగవంతుడు సంతానాన్ని ఇవ్వలేదు. అయినా వారు కుంగిపోలేదు. ఈ రైతులే మా బిడ్డలు అనుకుని రోడ్డెక్కారు..."

చప్పట్లు. నేను మా ఆయన వైపు తిరిగాను. ఆయన నేల చూస్తున్నాడు, వినయంగా. ఎవరో ఫోటో తీశారు.

నాకు శాలువా కప్పడానికి ఆ పెద్దమనిషి వంగాడు. "నాకు కొడుకున్నాడండీ," అన్నాను.

"ఇస్తాడమ్మా, దేవుడు తప్పకుండా ఇస్తాడు," అని శాలువా కప్పాడు. తడిసిన రవిక దాని కింద కనపడకుండా పోయింది.

సభ అయ్యాక బడి వెనక నీళ్లతొట్టి దగ్గర మా ఆయన్ని నిలదీశాను. "నా కొడుకు బతికున్నాడా లేడా?"

"ఛీ, ఏం మాటే అది! పసిబిడ్డని వదిలొచ్చామంటే జనం తిట్టరూ? అందుకని అట్టా చెప్పాను."

"నేలచూపులు కాదు, నా మొహం చూసి చెప్పండి. మీ అక్క పాలిచ్చుద్ది, నా పాలు ఇగరడానికి పూలు కడతారు. ఫోనులో వాడి గొంతు వినిపించరు. పీరు అన్నయ్య కొత్త సైకిళ్లు ఊరికే ఇచ్చేవాడా?"

చాలాసేపు శాలువా మడతపెట్టాడు. అది సరిగ్గా రాలేదని మళ్లీ విప్పి మడతపెట్టాడు.

"అక్కకి ఇక పుట్టరని డాక్టరమ్మ తేల్చి చెప్పిందే. నీకింకా పుడతారు. ఎక్కడికి పోతాడు వాడు, గోడ అవతలేగా. రోజూ చూసుకోవచ్చు. నువ్వు ఎదురుగా ఉంటే వాడు అక్క దగ్గర పాలు పట్టడని..." శాలువా చంకలో పెట్టుకున్నాడు. "బావ నన్ను షాపులో కూర్చోబెడతానన్నాడు. మిల్లు ఇక తెరవరే, కరీమా."

"నన్నొక్క మాట అడిగారా?"

"అడిగితే ఇస్తావా?"

నిజమే. ఇవ్వను. అందుకే అడగలేదు. అంత తేలిక లెక్క.

బియ్యం, గిన్నెలు అక్కడే దించేసి, దండ తీసి తొట్టి మీద పెట్టి సైకిల్ ఎక్కాను. "ఏయ్, ఆగు! రేపు పేపరోళ్లు వస్తామన్నారు!" అని గేటు దాకా వచ్చాడు. అంతకంటే ముందుకి రాలేదు. బోర్డు కట్టిన ఆయన సైకిలు స్టాండు వేసే ఉంది.

ఈసారి గాలి ఎదురు. ఎక్కడా మైకు లేదు, చప్పట్లు లేవు. లారీ క్లీనర్లు తల బయటపెట్టి కూతలు కూశారు. పొద్దు వాలేసరికి అద్దంకి దగ్గరి మిరప కల్లం చేరాను. ఆదెమ్మ నన్ను చూసి చాప వేసి కూర్చోబెట్టింది. వాళ్ల ఆయన క్రీస్తుదాసు నా టైర్లలో గాలి కొట్టి పెట్టాడు. ఆమె అన్నం పెట్టి, గుడ్డ వేడినీళ్లలో ముంచి నా రొమ్ములకి కాపడం పెట్టింది. కాసేపటికి పాలు మళ్లీ చేపాయి.

"అమ్మయ్య, ఇంకా ఉన్నాయి," అంది. "పొద్దున్నే పో. ఎవురేం చెప్పినా వినబాకు. గడప తొక్కగానే బిడ్డని లాక్కుని రొమ్ము నోట్లో పెట్టు. మిగతా గొడవలన్నీ వాడు తాగాక."

తెల్లారకముందే బయల్దేరాను. ఆమె మాటే దారి పొడుగునా అనుకుంటూ తొక్కాను. గడప తొక్కగానే. గడప తొక్కగానే. చిలకలూరిపేట దాటేసరికి నెత్తి మాడుతోంది. నల్లపాడు చేరేసరికి పొద్దు నడినెత్తి దాటి పడమటికి ఒరిగింది. తొడలు మంట. కళ్ల ముందు రోడ్డు నీళ్లలా ఊగుతోంది.

ఫర్హానా వాళ్ల అరుగు మీద కూర్చుని ఉంది. ఒళ్లో రహమాన్. కళ్లకి కాటుక పెట్టి, కొత్త చొక్కా తొడిగింది. నా సైకిల్ చూసి ఆమె రంగు మారింది. వాడు నన్ను చూశాడు. నాదేమో నల్లబడిన మొహం, దుమ్ము కొట్టుకున్న జుట్టు. కాసేపు అలాగే చూశాడు. గుర్తుపట్టడనుకున్నాను. అప్పుడు రెండు చేతులూ నా మీదకి చాచాడు.

ఎత్తుకున్నాను. మెడలో మొహం పెట్టి, వాసన చూసి, నేరుగా రవిక మీద నోరు పెట్టి గుంజాడు. మరిచిపోలేదు. వాడేం మరిచిపోలేదు. నేను నిలబడే హుక్కులు విప్పబోయాను.

"అయ్యో అయ్యో, ఏం చేత్తన్నావే!" లోపల్నుంచి మా అత్త పరిగెత్తుకొచ్చింది. "ఇంత ఎండన పడొచ్చి ఆ పాలు తాపుతావా? బిడ్డని చంపుకుంటావా? పిండేసి రా ముందు!"

"నిజమే కరీమున్," అంది ఫర్హానా, గొంతు మెత్తగా. "ఒళ్లు చూడు ఎట్టా కాలిపోతందో. దొడ్లోకెళ్లి పిండేసి, రెండు చెంబులు నీళ్లు పోసుకురా. నీ బిడ్డని ఎవరు తింటారు? ఇటివ్వు, అందాకా పట్టుకుంటా."

నా ఒళ్లు నిజంగానే కాలుతోంది. పొత్తిళ్లలో పోయిన నా తమ్ముడు గుర్తొచ్చాడు. ఆదెమ్మ మాట కూడా గుర్తొచ్చింది. కానీ వాడికేమన్నా అయితే? విరోచనాలు పట్టుకుంటే? ఇంత దూరం తొక్కుకొచ్చి నా చేత్తో నేనే వాడికి ఆ పాలు పడితే?

ఇచ్చాను.

వాడి వేళ్లు నా మెళ్లో గొలుసుకి చిక్కుకున్నాయి. ఒక్కొక్కటే విడదీసి ఇచ్చాను.

దొడ్లో, రెండిళ్ల మధ్య గోడ దగ్గర నిలబడి పిండాను. ఆ గోడకే పిండడం మాకలవాటు, పాలు నేల మీద పడి ఎవరి కాళ్ల కిందా తొక్కుడు పడకూడదు. ముందు చుక్కచుక్కగా వచ్చాయి, తరవాత దారలుగా వచ్చాయి. ఎండకి కాగిన సున్నం గోడ తాగినవి తాగినట్టే పీల్చేసింది. అవతల రహమాన్ ఏడుస్తున్నాడు. అది నా కోసం ఏడుపు, నాకు తెలుసు. "వస్తున్నా నాన్నా, వస్తున్నా" అంటూ రెండు చేతులతో పిండాను. తొందరగా చల్లబడాలి. చెంబుతో నీళ్లు గుమ్మరించుకున్నాను. మళ్లీ పిండాను.

ఏడుపు ఆగిపోయింది.

తడిబట్టలతోనే పరిగెత్తాను. ఫర్హానా అరుగు మీద లేదు, లోపల మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. పైట కింద వాడి తల కనిపిస్తోంది. కడుపు నిండి, చెమట పట్టి, సగం మూసిన కళ్లతో ఉన్నాడు. ఆమె నా వైపు చూడకుండానే వేలు పెదాల మీద పెట్టుకుంది.

"ష్. ఇప్పుడే నిద్రపట్టింది. లేపబాకు."

నిద్రలో ఉండగా వెళ్లమన్నదీ ఆమే. నిద్రలో ఉన్నాడు లేపొద్దన్నదీ ఆమే.

నా రవికలోంచి నీళ్లు కారుతున్నాయి. అవి ఒట్టి నీళ్లే. వాకిట్లో పీరు అన్నయ్య లేడీస్ సైకిల్ చుట్టూ తిరిగి, టైరు బొటనవేలితో నొక్కి చూశాడు. "ఏం కాలేదే, బాగానే ఉంది," అనుకున్నాడు. బెల్లు పనిచేస్తోందో లేదోనని ఒకసారి మోగించాడు.

ఆ మోతకి రహమాన్ ఉలిక్కిపడి కదిలాడు. కళ్లు తెరవకుండానే చేయి చాచి, ఫర్హానా పైట గుప్పిట్లో గట్టిగా పట్టుకున్నాడు.